కనిపించని జబ్బు కూడా జబ్బే
(మిట్టేమరి కార్మికుల సభలో చేసిన ప్రసంగం)



లూమ్ ఆగితే జాబర్‌ను పిలుస్తాం. మనిషి ఆగిపోతే మాత్రం సోమరి అంటాం. వారాల తరబడి నిద్ర, ఆకలి, మాట తగ్గిపోయిన తోటివాణ్ణి మనమే అలా అనలేదా?

అది డిప్రెషన్ కావచ్చు. 1980, 90లలో శాస్త్రజ్ఞులు ఈ రోగులకు ఫెన్‌ఫ్లురమిన్ అనే మందు ఇచ్చి చూశారు. అది మెదడులో సెరటోనిన్‌ను విడుదల చేస్తుంది. దాంతో రక్తంలో ప్రొలాక్టిన్ హార్మోను పెరగాలి. పలు పరిశోధనల్లో ఆ పెరుగుదల రోగుల్లో తక్కువగా కనిపించింది, అన్నిటిలో కాదు. సెరటోనిన్ లోపమే కారణమని నేటికీ రుజువు కాలేదు. జబ్బును తేల్చే రక్తపరీక్షా లేదు.

కనుక "రుజువేది?" అని సూపర్‌వైజర్ అడిగితే మన జవాబు ఒకటే: డాక్టరు కూడా రోగి చెప్పింది వినే తేలుస్తాడు. ముందు మనం విందాం.

బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మొదలుపెట్టిన మందును డాక్టరును అడగకుండా మానవద్దు. కుంగిన తోటివాడి పక్కన కూర్చోవడమూ యూనియన్ పనే!