ఫ్లూ జ్వరము – ముందుజాగ్రత్త

విద్యార్థులారా! వారి తలిదండ్రులారా!

1918వ సంవత్సరము జూను మాసమున బొంబాయి రేవున దిగిన ఇన్‌ఫ్లూయెంజా, శరత్కాలమున మరల విజృంభించి, ఈ దేశమున కోటిమందికి పైగా బలిగొనెను. 20 మొదలు 40 ఏండ్ల వయసువారే అందు మిక్కుటముగ గూలిరి. కావున ముసలివారి రోగమని యువకులు నిశ్చింతగ నుండరాదు. 1957, 1968, 2009 సంవత్సరములలోను ఈ జాతి వ్యాధి ప్రపంచము జుట్టివచ్చినది. ఇక ముందెప్పుడు వచ్చునో ఎవ్వరును జెప్పజాలరు. క్రొత్తదానికి టీకా సిద్ధమగుటకు ఐదారు మాసములైన బట్టును.

వసతిగృహమున ఒక గదిలో నలుగురు పరుండుదురు. ఒకని దగ్గు నలుగురికి నుమ్మడి యాస్తి. వార్త వినినంతనే తల్లి, "నాయనా, రాత్రి బండికే బయలుదేరుము" అని ఫోను చేయును. ఆ ప్రేమను మేము తప్పు పట్టము. కాని జ్వరము పొడసూపుటకు ఒకనాడు ముందే వ్యాధి యితరుల కంటగలదు. ఆరోగ్యవంతుడై బండి యెక్కిన కుమారుడు నాయనమ్మకు, గర్భిణియగు అక్కకు దానిని గొనిపోవచ్చును. 2020 మార్చిలో, కరోనా దినములందు, ఈ సంగతి ఎందరో ఒక్కపూటలో తేల్చుకొనవలసి వచ్చినది. దావా పడిన పిదప దస్తావేజులు వెదకు కక్షిదారులను మేము నిత్యము చూచుచున్నాము!

కనుక నేడే మాటలాడుకొనుడు. బిడ్డ నిలువవలెనా, రావలెనా? వచ్చినచో ఏ గదిలో వేరుగ నుండును? నిలిచినచో గంజియు మందును అందించు మిత్రుడెవ్వడు? ఊపిరాడకున్నను, తెలివి తప్పుచున్నను, తగ్గిన జ్వరము తిరుగబెట్టినను తక్షణమే వైద్యుని జేరవలయును. వైరసును అణచు మందు రెండు దినములలోపల మొదలిడిననే మిక్కిలి గుణమిచ్చును.

హాజరు తగ్గునను భయమున జ్వరముతో తరగతికి వచ్చువారు గలరు. కళాశాలలు ఆ నిబంధనను ముందే సడలింపవలయును. అందులకు అర్జీ వ్రాసి యిచ్చుటకు మేము సిద్ధముగ నున్నాము, సంతకములు మీవి.