ర్యామా, గ్రాఫిక్స్ కార్డా? ముందు దత్తాంశం రాయండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నాకు ముందు మాట్లాడిన మిత్రులు వేపచెట్టు గురించి, బడిగంట గురించి, తిన్న బెత్తం దెబ్బల గురించి చెప్పారు. నాకు అప్పగించిన పని వేరే. కంప్యూటర్ గది కోసం మా బ్యాచ్ పోగుచేసిన 60,000 రూపాయలు ఎక్కడ పెట్టామో, ఎందుకు పెట్టామో లెక్క చెప్పమన్నారు. ఆ డబ్బుతో మెరిసే గ్రాఫిక్స్ కార్డున్న పెద్ద కంప్యూటర్ ఒకటి వస్తుందని కొందరు మిత్రులు ఎదురుచూశారు. అది రాలేదు. ఎందుకు రాలేదో నేనే చెప్పాలి, ఎందుకంటే వద్దని పట్టుబట్టింది నేనే.

మనం చదివే రోజుల్లో ఈ బడిలో కంప్యూటర్ లేదు. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద దేశంలో కొన్ని పాఠశాలలకు బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు ఇచ్చింది. ఆ వార్త డోన్ దాకా వచ్చిందేమో గానీ కంప్యూటర్ రాలేదు. ఆ బీబీసీ మైక్రోలో మెమరీ 32 కిలోబైట్లు. ఇప్పుడు మామూలు కంప్యూటర్లో వేసే 16 జీబీ దానికి అయిదు లక్షల రెట్లకు పైన. అంత ఉండి కూడా ఇంట్లో పిల్లలు "స్లో అయింది" అంటూనే ఉంటారు. ఎందుకని?

యంత్రం లోపల ఎవరి పని ఏమిటో తెలియకపోవడం వల్ల మనం తప్పు చోట డబ్బు పెడుతున్నాం. మనకు తెలిసిన పొలం పనితోనే చెబుతాను.

హార్డ్ డిస్కు గాదె లాంటిది. పండినదంతా అందులో ఉంటుంది, కరెంటు పోయినా ఉంటుంది. ర్యామ్ కళ్లం లాంటిది. ఇప్పుడు పని జరిగే సరుకు అక్కడ పరుచుకుంటాం, సాయంత్రానికి ఊడ్చేస్తాం. ప్రాసెసర్ కళ్లంలో తిరిగే ఎద్దుల జత. ఎద్దులు ఎంత బలమైనవైనా కళ్లం చిన్నదైతే ఏం చేయాలి? సగం సరుకు పరిచి, తొక్కించి, మళ్లీ గాదెకు మోసి, మిగతా సగం తేవాలి. రోజంతా మోతతోనే సరిపోతుంది. కంప్యూటర్లో ర్యామ్ చాలనప్పుడు జరిగేది ఇదే. అది ఆగిపోదు. హార్డ్ డిస్కులో కొంత చోటును మెమరీలాగా వాడుకొని అటూ ఇటూ మోస్తుంది. పాత హార్డ్ డిస్కు ర్యామ్ కంటే వేల రెట్లు నెమ్మది. అందుకే మౌస్ నొక్కిన తర్వాత మనం టీ తాగి రావచ్చు.

మరి గ్రాఫిక్స్ కార్డు? అది శెనక్కాయలు ఒలిచే కూలీల గుంపు. ఒక్కొక్కరిది చిన్న పని, అందరిదీ ఒకే పని, అందరూ ఒకేసారి చేస్తారు. తెర మీద లక్షల చుక్కలకు రంగు వేయడం అలాంటి పనే. ఒక బొమ్మను మూడు వైపుల నుంచి చూపించడం, వీడియో తయారుచేయడం, కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వడం కూడా అలాంటివే. అక్కడ రెండు ఎద్దుల కంటే వెయ్యి చేతులు మేలు. కానీ ఒలవడానికి కాయలే లేనప్పుడు వెయ్యి మందిని పిలిస్తే కూలి దండగ.

ఈ మాటలన్నీ నాకు ఇంజనీరుగా ముప్పై ఏళ్ల నుంచి తెలుసు. తెలిసీ ఒకసారి తప్పు చెప్పాను. అది చెప్పకుండా ఈ లెక్క పూర్తి కాదు.

2021లో మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాడు అప్పుడు సివిల్ డిప్లొమా చదువుతున్నాడు. మా బావ బేతంచెర్లలో బండల పాలిష్ పని చేసేవాడు. "మామా, ఇంటి ఎలివేషన్లు గీసేది నేర్చుకుంటాండా. కంప్యూటర్ కదలడంలేదు. ర్యామ్ వేయమంటావా, గ్రాఫిక్స్ కార్డు వేయమంటావా?" అన్నాడు. నేను బెంగళూరులో ఆఫీసు మీటింగులోకి పోతున్నాను. ఆ కంప్యూటర్ ఏదో, అందులో ఏముందో ఒక్క ప్రశ్న అడగలేదు. "డిజైన్ పని కదరా, గ్రాఫిక్స్ కార్డు వేసుకో" అని ఫోన్ పెట్టేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అప్పుడు గ్రాఫిక్స్ కార్డులకు విపరీతమైన కరువు. కరోనా వల్ల చిప్పుల సరఫరా తగ్గింది. పైగా ఇథీరియం లాంటి క్రిప్టో నాణేలు తవ్వేవాళ్లు కార్డులు మూటలు మూటలుగా కొనేశారు. వాళ్లు 18,000 పెట్టి 4 జీబీ కార్డు ఒకటి తెచ్చారు. తెచ్చాక దానికి వేరే కరెంటు వైరు కావాలన్నారు. పాత పవర్ సప్లైలో ఆ వైరు లేదు. ఇంకో 2,500 పెట్టి పవర్ సప్లై మార్చారు. అంతా బిగించాక కంప్యూటర్ మునుపు ఎట్లుందో అట్లే ఉంది.

సంక్రాంతికి పోయినప్పుడు నాకు విషయం తెలిసింది. కార్డు కోసం అక్క కమ్మలు కుదువ పెట్టింది. "నువ్వు చెప్తివి కదా అని తెచ్చినామురా. ఇప్పుడు వానికి చదువు మీద బుద్ధి లేదు, ఆటల కోసం కొనిపిచ్చుకున్యాడు అంటాండాడు మీ బావ" అంది. పిల్లోడు నా ముఖం చూడకుండా మూల కూర్చున్నాడు. తప్పు నాది, మాట పడింది వాడు.

అప్పుడు కూర్చొని, మొదటి రోజు చేయవలసిన పని చేశాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ అనే పేజీ ఉంటుంది. వాణ్ని రోజూ చేసే పనే చేయమన్నాను. స్కెచ్చప్ తెరిచాడు, పక్కన బ్రౌజర్లో పాఠం పెట్టుకున్నాడు. మెమరీ 96 శాతం నిండిపోయింది. హార్డ్ డిస్కు 100 శాతం. కొత్త గ్రాఫిక్స్ కార్డు 8 శాతం పనిచేస్తూ కూర్చుంది. ఆ కంప్యూటర్లో ర్యామ్ 4 జీబీయే. కార్డు మీదున్న 4 జీబీ బొమ్మల పనికి ప్రత్యేకించినది. మదర్‌బోర్డు మీదున్న 4 జీబీ మిగతా పని అంతటికీ. రెండూ కలిపి 8 అనుకోవడానికి లేదు. మూడు రోజుల తర్వాత నేనే ఒక ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ తెచ్చి వేశాను. కమ్మలు కూడా విడిపించాను. కంప్యూటర్ కదిలింది. ఆ కార్డు కూడా తర్వాత త్రీడీ రెండరింగుకు పనికొచ్చింది. కాబట్టి కార్డు చెడ్డది కాదు, మేం పోయిన వరుస తప్పు. ఆ పిల్లోడు ఇప్పుడు నంద్యాలలో ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాడు.

ఈ బడిలో మనకు లెక్కలు చెప్పిన సారు గుర్తున్నారు కదా. లెక్క ఇవ్వగానే సూత్రం రాయబోతే సుద్దముక్క విసిరేవారు. "ముందు దత్తాంశం రాయరా" అనేవారు. జవాబు సరైనదే వచ్చినా, దత్తాంశం లేకపోతే మార్కులు కోసేవారు. ఇంజనీరునయ్యాక నేను మరిచింది ఆ ఒక్క మాటే.

అందుకే ఈసారి మన కంప్యూటర్ గదికి దత్తాంశంతో మొదలుపెట్టాం. నేను, మరో ఇద్దరు మిత్రులు రెండు శనివారాలు వచ్చి కూర్చున్నాం. గదిలో పనిచేసేవి 14 కంప్యూటర్లు. అన్నీ పదేళ్లు దాటినవే. ఒక్కోదాంట్లో 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు. పిల్లలు చేసే పని చూశాం. తెలుగు టైపింగ్, ఎక్సెల్, పైథాన్ పాఠాలు, బ్రౌజర్లో వీడియో పాఠాలు. స్విచ్ వేసిన తర్వాత తెర సిద్ధం కావడానికే నాలుగు నిమిషాలు. నలభై నిమిషాల పీరియడ్‌లో పదో వంతు అక్కడే పోతోంది. మెమరీ, డిస్కు రెండూ నిండా మునిగి ఉన్నాయి. గ్రాఫిక్స్ వైపు పనే లేదు.

ఇంకొక సంగతి. వేరే కార్డు లేని కంప్యూటర్లలో ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ భాగం ఉంటుంది. అది తనకు కావలసిన మెమరీని ర్యామ్ నుంచే తీసుకుంటుంది. కాబట్టి ర్యామ్ పెంచితే దానికీ కొంత మేలు. ఒకటే పెద్ద ర్యామ్ కంటే సమానమైన రెండు జతగా వేస్తే సరుకు రెండు దారుల్లో నడిచి ఇంకా మేలు.

కొనే ముందు ఒక కంప్యూటర్‌కు మాత్రమే వేసి చూశాం. ర్యామ్ 8 జీబీ చేసి, హార్డ్ డిస్కు బదులు ఎస్ఎస్‌డీ పెట్టాం. నాలుగు నిమిషాల ఎదురుచూపు అర నిమిషానికి దిగింది. అప్పుడు మిగతావాటికీ కొన్నాం. ఒక్కోదానికి 3,500 చొప్పున 14 కంప్యూటర్లకు 49,000 అయింది. మిగిలిన 11,000 యూపీఎస్ బ్యాటరీలకు పోయింది. బిల్లులన్నీ హెడ్మాస్టర్ గారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

కొనేటప్పుడు చూసుకోవలసినవి రెండు మూడు ఉన్నాయి. మన చిన్నప్పుడు ఈ స్టేషన్లో మీటర్ గేజీ, గుంతకల్లుకు పోతే అక్కడ బ్రాడ్ గేజీ కూడా. ఈ పట్టాల బోగీ ఆ పట్టాల మీద నడవదు. ర్యామ్ కూడా అంతే. డీడీఆర్ 3, డీడీఆర్ 4, డీడీఆర్ 5 అని తరాలున్నాయి. ఒకటి ఇంకొకదాని గాడిలో దిగదు, బలవంతం చేస్తే విరుగుతుంది. మనవి డీడీఆర్ 3 కాబట్టి వాడినవే కొని, ఒక్కొక్కటి పరీక్షించి తీసుకున్నాం. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిది, కొన్నిట్లో అసలు మార్చడానికే వీలుండదు. గ్రాఫిక్స్ కార్డైతే పవర్ సప్లై చాలుతుందా, డబ్బాలో చోటుందా అని ముందే చూడాలి. ఆ మొదటి ప్రశ్నకు మా అక్క కమ్మలే సాక్ష్యం.

"ర్యామ్ ఎప్పుడూ చవక, అదే వేయండి" అని కూడా నేను చెప్పను. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు రెట్టింపు దాటాయి. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు ఎక్కువ భాగం చేసేవి శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలు. కృత్రిమ మేధ డేటా సెంటర్లు వాటి సరుకును ఊడ్చుకుపోతున్నాయి. మైక్రాన్ అయితే మనలాంటివాళ్లు కొనే క్రూషియల్ బ్రాండు అమ్మకాలనే ఆపేస్తామని 2025 డిసెంబరులో ప్రకటించింది. 2021లో కార్డుకు వచ్చిన కరువు ఇప్పుడు ర్యామ్‌కు వచ్చింది. రేపు ఇంకోదానికి వస్తుంది. ధర మారుతూ ఉంటుంది గనుక పాత సలహా పనికిరాదు, కొలత మాత్రం పనికొస్తుంది.

వెనక నిలబడ్డ పిల్లలూ, ఇది మీకు. ఇంట్లో కంప్యూటర్‌కు డబ్బు అడిగే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకొని మీ పని మీరు చేయండి. మెమరీ 90 శాతం దాటి, డిస్కు కూడా నిండుతూ ఉంటే ర్యామ్ అడగండి. మెమరీ సగం ఖాళీగా ఉండి, గ్రాఫిక్స్ 100 దగ్గర నిలబడితే కార్డు అడగండి. బ్లెండర్‌తో యానిమేషన్, పెద్ద వీడియో ఎడిటింగ్, త్రీడీ రెండరింగ్ చేసేవాళ్లకు అది నిజంగా కావాలి, అది విలాసం కాదు. ప్రాసెసర్ ఒక్కటే 100లో ఉంటే రెండూ కొనకండి, రెండూ సాయపడవు. కృత్రిమ మేధ నేర్చుకోవాలనుకునేవాళ్లు మొదట గూగుల్ కోలాబ్‌లో ఉచితంగా ఇచ్చే గ్రాఫిక్స్ యంత్రం వాడుకోండి. అది సరిపోవడం లేదని తెలిసిన రోజు కార్డు గురించి ఆలోచించండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రం విండోస్ 11కు ఒప్పుకోకపోతే పారేయకండి. లినక్స్ వేసుకోండి, పైసా ఖర్చు లేదు. మన గదిలోనూ అదే వేశాం.

మిత్రులారా, ఒక పెద్ద కంప్యూటర్ కొని ఉంటే రిబ్బను కత్తిరించి ఫోటో దిగేవాళ్లం. రోజుకు ఒకరిద్దరు పిల్లలు దాని ముందు కూర్చునేవారు. ఇప్పుడు కొన్నవి డబ్బాల లోపల ఉన్నాయి, పైకి కనిపించవు. ర్యామ్ మీద దాతల పేర్లు రాయించడానికి చోటు కూడా లేదు. కానీ పద్నాలుగు తెరలు అర నిమిషంలో వెలుగుతాయి. సభ అయ్యాక భోజనాలకు పోయే ముందు ఆ గదికి ఒకసారి రండి. స్విచ్ మీరే వేయండి, గడియారం చూసుకోండి.

ఇక చదువుకున్న మనవాళ్లకు ఒక్క మాట. మన ఊళ్లో ఎవరింట్లోనో ఒక పిల్లోడు ఫోన్ చేసి, ఏది కొనమంటారని అడుగుతాడు. మనం ఇంజనీర్లమని నమ్మి అడుగుతాడు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మనకు చెప్పడు. జవాబు చెప్పే ముందు మన సారు చెప్పిన మాట గుర్తు తెచ్చుకొని, నాలుగు ప్రశ్నలు అడుగుదాం.