గుమ్మపాలు, ఈసుడు రోగం
(పాల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మేము తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకం, వెన్నశాతం లెక్కలు చూస్తాము. సూక్ష్మజీవుల మాట ఇన్‌స్పెక్టర్లకెందుకు అని మీకు తోచవచ్చు. కాని ఒక సంగతి పాల రిజిస్టరులోనే మాకు కనబడుతుంది. ఆవు ఈని పాలు పెరగవలసిన నెలలో సభ్యుని పేరు రిజిస్టరులో లేకుండా పోతుంది. విచారిస్తే, ఏడో నెలలో ఈసుకుపోయింది, సంతకు తోలేశామంటారు. ఆ ఆవు ఏ ఊరు చేరిందో ఎవరికీ తెలియదు.

ఈసుకుపోవడానికి కారణాలు అనేకం. వాటిలో మనిషికి కూడా అంటేది బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే ఈసుడు రోగం. 1887లో మాల్టా ద్వీపంలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు, జ్వరంతో చనిపోయిన సిపాయిల ప్లీహంలో ఈ జాతి క్రిమిని కనుగొన్నారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలడానికి మరి 18 ఏళ్ళు పట్టింది. 1905లో జమ్మిట్ అనే అక్కడి వైద్యుడు, పుష్టిగా కనబడే మేకలలోనే అది ఉన్నదని చూపించారు. మరుసటి ఏడు సైన్యానికి మేకపాలు మాన్పిస్తే జ్వరాలు తగ్గిపోయాయి.

ఆవులు ఈసుకుపోవడానికి కారణమైన క్రిమిని 1897లో డెన్మార్కులో బాంగ్ కనుగొన్నారు. ఆ రెండూ వేరువేరని అందరూ అనుకున్నారు. అమెరికా వ్యవసాయ శాఖ పాడి విభాగంలో పనిచేసిన ఆలిస్ ఈవాన్స్ అనే సూక్ష్మజీవి శాస్త్రజ్ఞురాలు, అవి దగ్గరి బంధువులేననీ, ఆవు పచ్చిపాలతోనూ మనిషికి జ్వరం రావచ్చుననీ 1917లో చెప్పారు. పెద్దలు నమ్మలేదు. 1922లో పరిశోధనశాలలోనే ఆమెకు ఆ జ్వరం సోకి ఏళ్ళ తరబడి బాధించింది. నమ్మనివారే తరువాత ఒప్పుకోవలసి వచ్చింది.

మన తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్నది. పాలు, మాంసం ద్వారా మనుషులకు వచ్చే రోగాల అధ్యయనానికి అక్కడ ప్రత్యేక శాఖే ఉన్నది. దగ్గరుండి కూడా అడగనిది మనమే.

ఈ రోగంలో చిక్కేమంటే, ఆవు ఒకసారి ఈసుకుపోయి, మరుసటి ఈతకు చక్కగా ఈనవచ్చు. పైకి ఆరోగ్యంగా ఉంటుంది, పాలలో మాత్రం క్రిమి వస్తూనే ఉండవచ్చు. లాక్టోమీటరు దీన్ని చూపదు, వెన్న పరీక్ష చూపదు. శీతలకేంద్రంలో పాలు చల్లబడితే క్రిమి చావదు. 72 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 15 సెకండ్లు వేడిచేసే పాశ్చరీకరణతో చస్తుంది, ఇంట్లో పొంగు రానిచ్చి కాచినా చస్తుంది. కనుక పట్టణంలో ప్యాకెట్టు పాలు తాగేవారికన్నా, బలమని చెప్పి పిల్లలకు గుమ్మపాలు పట్టే మన ఇళ్ళకే భయం ఎక్కువ. పడని మాయను వట్టి చేతులతో లాగేవారికి మరీ ఎక్కువ. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, చెమటలు, కీళ్ళనొప్పులు. టైఫాయిడో, మలేరియానో అని మందులు మింగుతూ నెలలు గడిచిపోతాయి. మా ఇంట్లో పశువులున్నాయి అని డాక్టరుగారితో ముందే చెప్పాలి.

అందరి ఆవుపాలు కలిసిన క్యాను నుంచి కొంచెం పాలు తీసి, రంగు కలిపిన మందు చుక్క వేస్తే, రోగం ఉన్నచోట మీగడ పొరలో రంగు వలయం కడుతుంది. దీన్ని వలయ పరీక్ష అంటారు. వలయం కట్టితే ఏ ఆవుదో రక్తపరీక్షతో తేల్చాలి. తేలేదాకా ఈసుకుపోయిన ఆవు పాలు క్యానులో కలపరాదు. ఇక్కడే సభ్యుడు దాచిపెడతాడు. అప్పుచేసి కొన్న ఆవు, పాలబిల్లు ఆగితే ఇల్లు ఆగుతుంది. అతని పేరు పాలకేంద్రం దగ్గర పదిమందిలో చాటడం మాకు ససేమిరా ఇష్టం లేదు. నిబంధనలు అనుమతిస్తే పాలకవర్గం తీర్మానించి దాణా అప్పుగా ఇవ్వవచ్చు. అది దండుగ కాదు, ఆ ఆవు సంతకు పోకుండా ఆపే ఖర్చు.

పడిన పిండాన్ని, మాయను కుక్కలకు వదలక, చేతికి తొడుగులు వేసుకొని లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి. టీకా 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారే. కోడెదూడలకు, చూడి పశువులకు వేయరాదు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఈ టీకా వేస్తున్నారు. కార్యదర్శులు పెయ్యదూడల పుట్టిన తేదీలు ఒక పుస్తకంలో రాసి ఉంచితే, టీకా సిబ్బంది వచ్చిననాడు ఇల్లిల్లూ వెదకవలసిన పని ఉండదు.