పడక పక్కన కూర్చున్న మనిషి



ఇవాళ పట్టాలు అందుకుంటున్న వైద్య, నర్సింగ్ విద్యార్థులారా, మీరు చదివిన పుస్తకాల్లో రోగం గురించి చాలా ఉంది. రోగి గురించి కొంత ఉంది. రోగి మంచం పక్కన కూర్చున్న మనిషి గురించి మాత్రం దాదాపు ఏమీ లేదు. రేపు మీరు వార్డులో అడుగుపెట్టగానే మొదట ఎదురొచ్చేది ఆ మనిషే. చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు పరుగెత్తేది, రక్తం కోసం బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర నిలబడేది, సెలైన్ అయిపోవస్తుంటే సిస్టర్‌ని పిలిచేది, రాత్రిళ్ళు మంచం కింద చాప పరుచుకుని పడుకునేది ఆ మనిషే. చాలాసార్లు ఆ మనిషి రోగికి భార్య, లేకపోతే భర్త. నేనివాళ వాళ్ళ తరఫున మాట్లాడటానికి వచ్చాను. అందుకు కలకత్తా నగరంలో, అక్కడికి కొంత దూరంలోని సరిహద్దు ఊళ్ళో జరిగిన రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది 1998 నాటిది. అనూరాధ సాహా పిల్లల మనస్తత్వ నిపుణురాలు. ఆమె భర్త కునాల్ సాహా డాక్టరు, అమెరికాలోని ఒహాయోలో ఎయిడ్స్ మీద పరిశోధన చేసేవారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఇద్దరూ సెలవులకు కలకత్తా వచ్చారు. నెలాఖరుకు ఆమెకు జ్వరం, ఒంటి మీద దద్దుర్లు మొదలయ్యాయి. మే మొదటి వారం దాటేసరికి దద్దుర్లు మరీ ఎక్కువయ్యాయి. మే 7న నగరంలో పేరున్న వైద్యుడొకరు డిపోమెడ్రాల్ ఇంజెక్షన్ 80 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు చొప్పున మూడు రోజులు వెయ్యమని రాశారు. ఫార్మకాలజీ పరీక్ష రాసిన మీకు ఇది వింటుంటేనే ఏదో తేడాగా అనిపించి ఉంటుంది. అది కండరంలో నిలవుండి రోజుల తరబడి మెల్లగా ఒంట్లోకి దిగే స్టెరాయిడ్. ఒకటి రెండు వారాలకు ఒకసారి వెయ్యాల్సిన మందు.

మే 11న ఆమెను ఆమ్రి ఆసుపత్రిలో చేర్చారు. ఇంజెక్షన్ రాసిన వైద్యుడు ముందే అనుకున్న విదేశీ ప్రయాణానికి వెళ్ళిపోయారు. మరికొందరు డాక్టర్లు చూశారు, ఇంకా స్టెరాయిడ్లు రాశారు. జబ్బు పేరు టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్ అని తేలింది. 1956లో అలన్ లయెల్ అనే స్కాట్లాండు వైద్యుడు వర్ణించిన వ్యాధి ఇది. ఎక్కువగా ఏదో ఒక మందు పడకపోవడం వల్ల వస్తుంది. చర్మం పైపొర కాలిన గాయంలాగా ఊడి వచ్చేస్తుంది. ఒంటి మీద 30 శాతానికి మించి ఊడితే ఆ పేరు పెడతారు. జాగ్రత్తగా చూసినా దాదాపు మూడో వంతు మంది దక్కరు. అయితే ఈ జబ్బుకు వైద్యమంటే ముఖ్యంగా కనిపెట్టుకుని ఉండటమే. కారణమైన మందు ఆపెయ్యాలి, కాలిన రోగులను చూసినట్టు విడిగా ఉంచాలి, ఇన్‌ఫెక్షన్ సోకకుండా కాపాడాలి, కళ్ళు చూసుకోవాలి, పోతున్న నీటిని, లవణాలను సెలైన్ ద్వారా ఎప్పటికప్పుడు పూడుస్తూ ఉండాలి.

మే 17న ఆమెను ప్రత్యేక విమానంలో బొంబాయి బ్రీచ్ కాండీ ఆసుపత్రికి తరలించారు. మే 28న అక్కడ చనిపోయారు.

ఆ తర్వాతి 15 ఏళ్ళూ కునాల్ సాహా కోర్టుల్లో గడిపారు. కొన్నిచోట్ల తన వాదన తానే వినిపించుకున్నారు. క్రిమినల్ కేసులో కింది కోర్టు వేసిన శిక్ష పైకోర్టుల్లో నిలవలేదు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2006లో ఫిర్యాదు కొట్టేసింది. 2009 ఆగస్టు 7న సుప్రీంకోర్టు, నేరంగా రుజువు కాకపోయినా వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందని తేల్చి, పరిహారం లెక్కగట్టమని కమిషన్‌కే తిప్పి పంపింది. 2013 అక్టోబరు 24న ఆ కోర్టే దాదాపు 6 కోట్ల రూపాయల పరిహారం ఖరారు చేసింది. వడ్డీతో కలిపితే 11 కోట్లు దాటింది. అప్పటికి మన దేశంలో వైద్య నిర్లక్ష్యానికి అంత పరిహారం ఎవరికీ రాలేదు. ఆ మొత్తంలో పెద్ద భాగం ఆమె సంపాదించి ఉండేదాని లెక్క. భార్య తోడు పోయినందుకు భర్తకు కట్టిన విలువ అందులో లక్ష రూపాయలు. ఆ అంకె చదివిన రోజు చాలాసేపు వేరే పని చెయ్యలేకపోయాను.

ఈ కేసులో డోసు సంగతి అందరూ చెప్పుకుంటారు. నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టింది ఖాళీగా వదిలిన కాలమ్‌ల సంగతి. 17వ తేదీన ఆమె అక్కణ్ణుంచి వెళ్ళేదాకా సెలైన్ పెట్టలేదని, టెంపరేచరు, నాడి, బీపీ, ఒంట్లోకి వెళ్ళిన నీరెంత, బయటికొచ్చిన నీరెంత అన్నవి సరిగా రాయలేదని సుప్రీంకోర్టు గమనించింది. నర్సింగ్ పట్టభద్రులారా, ఇది మొదటి ఏడాదిలోనే మీ చేత రాయించిన పట్టిక. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు, విదేశీ చదువూ అక్కర్లేదు. చర్మం లేని ఒంటి నుంచి నీళ్ళు కారిపోతున్న మనిషికి ఆ పట్టికే ప్రాణాధారం. ఒక డాక్టరు వెళ్ళి ఇంకో డాక్టరు వచ్చే మధ్యలో, ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకునే చోట, ఆ కాలమ్‌లు ఖాళీ అవుతాయి. తప్పు ఏ ఒక్కరిదని వేలు పెట్టి చూపించలేని పరిస్థితిలో ఒక ప్రాణం పోయింది. క్రిమినల్ కేసు నిలబడకపోవడానికి ఒక కారణం కూడా అదే.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న దగ్గరికి వస్తాను. ఆసుపత్రి వైపు నుంచి వచ్చిన వాదనల్లో ఒకటి, భర్త చికిత్సలో జోక్యం చేసుకున్నాడని. ఆయన స్వయంగా డాక్టరు, అడ్డొచ్చాడు, తన మాట చెల్లించుకున్నాడు అన్నారు. 2011లో కమిషన్ ఈ వాదనను కొంత ఒప్పుకుని, పరిహారంలో 10 శాతం కోత పెట్టింది. భార్యను బతికించుకోవాలని అడిగినందుకు, ఆమె చావులో పదోవంతు బాధ్యత ఆయన నెత్తిన పెట్టారన్న మాట. సుప్రీంకోర్టు ఆ కోత తీసేసింది. రోగి మనుషులు ఎంత కలగజేసుకున్నా, వైద్యుడి బాధ్యత దానివల్ల తగ్గిపోదని అంతకుముందు తీర్పులోనే చెప్పింది. ఈ ఒక్క మాటను మీ పట్టా వెనకాల రాసుకోమని అడుగుతున్నాను.

ఎందుకంటే కునాల్ సాహా డాక్టరు. మందు పేరు చూసి డోసు ఎంతో తెలుసుకోగలడు. విమానం మాట్లాడుకోగలిగాడు. అయినా ఆయన మాట చెల్లడానికి పదిహేనేళ్ళు పట్టింది. మరి ఉద్దానం నుంచి భర్తను డయాలసిస్‌కు తీసుకొచ్చే ఆవిడ సంగతి? కిడ్నీ జబ్బు ఊళ్ళకు ఊళ్ళనే పట్టి పీడిస్తున్న ఆ ప్రాంతంలో, వారానికి రెండు మూడుసార్లు ఆటోలో, బస్సులో భర్తను కూర్చోబెట్టుకుని వచ్చే ఇల్లాళ్ళు ఎంతమందో. నిన్నటి నుంచి ఆయన ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగాడో, పాదాలు ఎంత పొంగాయో, వెల్లకిలా పడుకోలేక రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చున్నాడో లేదో ఆమెకు తెలిసినంత మీకు తెలీదు. మీరు చూసేది వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు. ఆమె చూసేది మిగిలిన వారమంతా.

“రాత్రి నుంచి ఆయాసం ఎక్కువైపోనాది బాబూ” అంటుంది ఆవిడ.

“చూస్తాంలే అమ్మా, నువ్వు పక్కకు జరుగు” అంటాం మనం.

ఆమె చెప్పింది ఒక లక్షణం. దాన్ని కేస్ షీట్‌లో రాయకుండా పక్కకు జరగమనడం, థర్మామీటరు చూపించిన అంకెను రాయకుండా వదిలెయ్యడం లాంటిదే. పక్కకు జరిగిన మనిషి రెండోసారి చెప్పదు. ‘పెద్దవాళ్ళు, వాళ్ళకు తెలీదా’ అనుకుంటుంది. మన ఆసుపత్రుల్లో మౌనం అలా పుడుతుంది. ఏదన్నా జరిగాక ఆ మౌనం కేకలుగా మారుతుంది. అప్పుడు మనం పోలీసుల్ని పిలుస్తాం.

మీ వైపు కష్టం నాకు తెలీక కాదు. 2024 ఆగస్టులో అదే కలకత్తాలో, ఆర్జీ కర్ ఆసుపత్రిలో, సుదీర్ఘమైన డ్యూటీ మధ్య సెమినార్ గదిలో కాసేపు నడుం వాల్చిన ఒక యువ వైద్యురాలిని పొట్టన పెట్టుకున్నారు. పడుకోవడానికి ఒక గది లేని డాక్టరును, అరవై మంచాలకు ఒకే ఒక్క నర్సును పెట్టి, కాలమ్‌లు ఎందుకు ఖాళీగా ఉన్నాయని అడగడం అన్యాయం. ఆ అన్యాయాన్ని మీరు గట్టిగా ప్రశ్నించాలి, అవసరమైతే రోడ్డెక్కాలి. మంచం పక్కన కూర్చున్న మనిషి ఆ పోరాటంలో మీ పక్షానే ఉంటుంది. మనుషులు చాలని వార్డులో మీకు దొరికిన అదనపు జత కళ్ళు ఆమెవే.

రెండో సంగతి కలకత్తాకు ఈశాన్యాన, సరిహద్దు దగ్గర బన్‌గావ్ అనే ఊళ్ళో జరిగింది. 1971. బంగ్లాదేశ్ యుద్ధం. దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. శిబిరాల్లో కలరా. ఆసుపత్రిలో మంచాలు చాలక రోగులు నేల మీద, వాంతుల మధ్య, మలం మధ్య పడి ఉన్నారు. కలకత్తాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధనా కేంద్రం నుంచి వెళ్ళిన డాక్టర్ దిలీప్ మహలనబిస్ వాళ్ళ మధ్య మోకాళ్ళ మీద కూర్చుని సెలైన్ పెట్టారు. సెలైన్ నిల్వలు అయిపోవస్తున్నాయి, పెట్టగలిగిన చేతులు తక్కువ.

ఆయన ఏం చేశారో చూడండి. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంట సోడా చొప్పున పొట్లాలు కట్టించారు. డ్రమ్ముల్లో కలిపించి, కుళాయిలు పెట్టించి, కప్పులు రోగుల మనుషుల చేతికిచ్చారు. తల్లులు బిడ్డలకు తాగించారు, భార్యలు భర్తలకు తాగించారు, ఎవరూ లేనివాళ్ళకు పక్కవాళ్ళు తాగించారు. అప్పటికి చాలామంది నిపుణులు ఈ ద్రావణం చదువులేని జనం చేతిలో పెట్టేది కాదని నమ్మేవాళ్ళు. నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట, ఈ పద్ధతి పాటించిన రోగుల్లో మరణాలు నూటికి నాలుగు కంటే తక్కువకు దిగాయి. ఇవాళ మన ఊరి కిరాణా కొట్లో కూడా దొరికే ఓఆర్‌ఎస్ పొట్లానికి ప్రపంచం తలుపు తెరిచింది అక్కడే. మహలనబిస్ 2022 అక్టోబరులో కన్నుమూశారు. మరుసటేడు పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికుండగా ఇవ్వలేకపోయామే అని నాకిప్పటికీ బాధ.

రెండు చోట్లా కావలసింది ఒక్కటే: ఒంట్లోంచి పోతున్న నీటిని పూడ్చడం. బన్‌గావ్‌లో ఏ వసతీ లేదు, కానీ వైద్యుడు రోగి మనుషులను పనిలో కలుపుకున్నాడు. 1998లో వసతులున్న నగరంలో, పక్కనున్న మనిషి ప్రశ్నను అడ్డుగా లెక్కగట్టారు. నా దృష్టిలో ఈ తేడా సాంకేతికతది కాదు, డబ్బుది కాదు.

ఈ తేడా రోగులకూ తెలుసు. హౌరా నుంచి చెన్నై వైపు వెళ్ళే రైళ్ళు మన ఇచ్ఛాపురం మీదుగా, రాజమండ్రి, విజయవాడ మీదుగా పోతాయి. ఆ బోగీల్లో ఎక్స్‌రే కవర్లు ఒళ్ళో పెట్టుకుని వైద్యానికి వెల్లూరు వెళ్ళే బెంగాలీ దంపతులు ఎప్పుడూ కనిపిస్తారు. అంత దూరం ఎందుకని నేను అడిగినప్పుడు చాలామంది చెప్పిన మాట ఒకటే: అక్కడ కూర్చోబెట్టి చెబుతారు. మన పల్లెల నుంచి వచ్చేవాళ్ళు అడిగేదీ అంతే.

చట్టం కూడా కొంత చెప్పింది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం, రోగి గానీ, అధికారం పొందిన అటెండెంటు గానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. ఇవ్వండి. ముఖం చిట్లించకుండా ఇవ్వండి. బయటి దేశాలు ఇంకో అడుగు వేశాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, తల్లిదండ్రుల ఆందోళన ఎవరూ పట్టించుకోక చనిపోయిన రయన్ అనే పసివాడి పేరుతో ఒక నియమం ఉంది. రోగి పరిస్థితి దిగజారుతోందని ఇంట్లోవాళ్ళకు అనిపిస్తే, వార్డు డాక్టరు ఒప్పుకోకపోయినా, మరొకరు వచ్చి చూడాలని నేరుగా కోరవచ్చు. ఇంగ్లండులో మార్తా అనే అమ్మాయి మరణం తర్వాత 2024 నుంచి ఇలాంటి ఏర్పాటే మొదలైంది.

ఉపకులపతి గారూ, అతిథిగా వచ్చినవాడు కోర్కెలు కోరడం మర్యాద కాదని తెలుసు. అయినా అడుగుతున్నాను. ఈ విశ్వవిద్యాలయం కిందున్న బోధనాసుపత్రుల్లో వాడే కేస్ షీట్‌లో, టెంపరేచరు, నాడి, బీపీ గడుల పక్కనే ఇంకో గడి పెట్టించండి. ‘ఇంటివాళ్ళు చెప్పినది’ అని తెలుగులో అచ్చు వేయించండి. పూటకోసారి అడిగి, వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాసి, డ్యూటీ డాక్టరు సంతకం పెట్టాలని ఉత్తర్వు ఇవ్వండి. వార్డు గుమ్మం దగ్గర ఒక ఫోను నంబరు రాయించండి, రెండోసారి చూడమని అడగడానికి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే నెల ముద్రణకు వెళ్ళే షీట్లలోనే ఈ మార్పు చెయ్యవచ్చు. ఇవాళ పట్టా తీసుకున్న పిల్లలు రేపు డ్యూటీ డాక్టర్లుగా, స్టాఫ్ నర్సులుగా ఆ గడిలో మొదటి వాక్యం రాస్తారు.