మొక్క మంచిదే, మన్ను మాటేమి?
(అప్పనపల్లిలో గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వైనతేయ తీరమున నున్న ఈ గ్రామమున పచ్చదనమునకు కొదవ లేదు. కాలువగట్టున పొన్నగంటికూర, బోదెల ప్రక్కన గుంటగలగర, కొబ్బరితోట నీడలో నేలఉసిరి మొలచును. వీనిని విత్తువారు లేరు, కోసుకొనువారు పెక్కురు. నేను మనవి చేయదలచిన దొక్కటే: ఆకు ఏదని అడిగినట్లే, అది ఎచ్చట పెరిగినదనియు అడుగవలెను.

మొక్క వేళ్లు మన్నునుండి నీటితోపాటు లోహములనుగూడ గ్రహించును. ఇనుము, జింకు, రాగి, మాంగనీసు మొక్కకును మనకును అవసరములు. ఇనుము చాలనిచో రక్తహీనత కలుగును. జింకు చాలనిచో బిడ్డల ఎదుగుదల కుంటుపడును. సీసము, కాడ్మియము, పాదరసము మన దేహమునకు అక్కరలేనివి, హానికరములు. వేళ్లు ఈ రెండు తెగలను పూర్తిగా వేరుచేయజాలవు. కాడ్మియము జింకును పోలినదగుటచే దాని దారినే లోనికి పోవును.

ఇవి ఎచ్చటినుండి వచ్చును? పాత బ్యాటరీలు, ఊడిన పాతరంగుల పెచ్చులు, కాల్చిన చెత్తబూడిద, కార్ఖానాల మురుగు వీనికి మూలములు. సీసము కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట నిలిచిపోయినను, అంతకుముందు బాటల ప్రక్క మట్టిలో చేరిన సీసము త్వరగా తొలగునది కాదు.

2020 డిసెంబరులో ఏలూరున వందలాది జనులు మూర్ఛలతో పడిపోయిరి. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తమున సీసము, నికెలు కనబడెను. తరువాత పురుగుమందుల అవశేషములనుగూడ అనుమానించిరి. కీడు వచ్చిన పిమ్మట కారణము వెదకుట ఎంత కష్టమో ఇందువలన తెలియును.

అట్లని భయపడి ఆకుకూరలు మానరాదు. ఇనుము, కాల్షియము చాలని బిడ్డ దేహమే సీసమును అధికముగా పీల్చుకొనును. మంచి నేలలో పెరిగిన కూర బిడ్డకు రక్ష. ఆకును బాగుగా కడిగినచో పైనున్న ధూళి పోవును. లోన చేరిన లోహము కడిగినను, ఉడికించినను పోదు. కావున జాగ్రత్త నేలయందే ఆరంభము కావలెను.

మూలికల విషయమునను ఇంతే. మన దేశపు ఆయుర్వేద ప్రమాణముల ప్రకారము మూలికలలో పది లక్షల పాళ్లకు సీసము 10 పాళ్లు, కాడ్మియము 0.3 పాలు మించరాదు. గట్టున కోసి నేరుగా నూరుకొను ఆకును పరీక్షించువారెవరు?

ఇక పంచాయతీ చేయదగిన పనులు:

1. కాలువగట్లపై చెత్త పోయుటను, కాల్చుటను నిషేధించుడు. పారిశుద్ధ్యము 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము మనకు విధించిన బాధ్యత.

2. పాత బ్యాటరీలను అమ్మినవారికే తిరిగి చేర్పించుడు. 2022 నాటి నిబంధనలు ఇందుకు వీలు కల్పించుచున్నవి.

3. సాయిల్ హెల్త్ కార్డులో జింకు, ఇనుము, రాగి వివరములుండును గాని సీసము, కాడ్మియము ఉండవు. అనుమానమున్న నేలకు వానిని ప్రత్యేకముగా పరీక్షింపజేయుడు.

4. అట్టి నేలలో ఆకుకూరలు, దుంపలు వలదు. లోహములు వానిలోనే ఎక్కువ చేరును. పండ్లచెట్లు నాటుట మేలు.

5. బడి ఆవరణమున శుభ్రమైన మట్టితో కూరల మడి, మందుమొక్కల మడి వేయించుడు.

ఈ పనులకు పెద్ద నిధులు అక్కరలేదు. గ్రామసభలో ఒక తీర్మానము, దానిని నిలుపు పట్టుదల చాలును. మన బిడ్డలు తిను కూర ఏ గట్టున మొలచుచున్నదో రేపు ఉదయము ఒకమారు నడచి చూచి రండు.