‘వృథా’ అనే మాట

కృష్ణ కాలువ నీళ్లతో పెరిగినవాణ్ణి. ఈ పూట అంగలకుదురులో రచయితల, పరిశోధకుల ముందు ఒక్క మాట పట్టుకుని మాట్లాడతాను. ఆ మాట ‘వృథా’.

2021 జూలై గుర్తు తెచ్చుకోండి. శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల ఆనకట్టల దగ్గర తెలంగాణ కరెంటు ఉత్పత్తి చేసింది. కిందికొచ్చిన నీటిని ప్రకాశం బరాజ్ నుంచి సముద్రానికి వదిలారు. నీరంతా వృథా అయిపోయిందని అందరం అన్నాం, నేనూ అన్నాను. అదనుకు నీరందని నారుమడి బాధ ఎరిగినవాణ్ణి గనక ఆ కోపం ఇప్పటికీ తప్పనను. మాటను మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

నీలకంఠ రొయ్య సంగతి చూడండి. పెరిగేది మంచినీట్లో. పిల్లలు బతకాలంటే మాత్రం ఉప్పు కలిసిన నీరు కావాలి. తల్లి రొయ్య గుడ్లు మోసుకుంటూ ఏటివాలున సముద్రపు మొగ దాకా దిగుతుంది. పిల్లలు అక్కడే కొన్ని వారాలు గడిపి, రూపు దిద్దుకున్నాక ఎదురీదుతూ పైకి బయల్దేరతాయి. పొలస చేపది ఎదురుదారి: సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏరెక్కుతుంది. రెండింటికీ దారి చూపేది సముద్రంలో కలిసే మంచినీరే. ఆ దారికి 1855లో బెజవాడ ఆనకట్ట అడ్డుపడింది. ఆనకట్టల వల్ల చేపల రాకపోకలకు కలిగే చేటు గురించి ఫ్రాన్సిస్ డే 1873లోనే తన నివేదికలో రాశాడు. నూటయాభై ఏళ్లు దాటింది!

ఆ తర్వాత కరెంటు వచ్చింది. శ్రీశైలం రెండు గట్ల మీదా కలిపి 1,670 మెగావాట్లు. నా ఇంట్లో దీపమూ దానితోనే వెలుగుతోంది, కాదనను. అయితే జలవిద్యుత్తు తీసేది ఎక్కువగా వాడకం పెరిగే గంటల్లో. సాయంత్రం యంత్రాలు తిరిగితే ఏరు పొంగుతుంది, ఆపితే జారిపోతుంది. మిగులు కరెంటుతో కింది నీటిని మళ్లీ పైకి తోడే యంత్రాలూ ఉన్నాయి. ఒడ్డు రాళ్ల మీద గుడ్డు పెట్టిన చేప ఈ గంటల లెక్కను ఎలా పోల్చుకుంటుంది?

ఇక ఒండ్రు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు గారి బృందం 2010లో ప్రచురించిన పరిశోధన చూడండి. 1966–69 మధ్య ఏటా 90 లక్షల టన్నులుగా ఉన్న కృష్ణ ఒండ్రు, 2000–05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయింది. మిగిలింది చాలావరకు ఆనకట్టల వెనకే ఆగింది. డెల్టా అంచును సముద్రం కోసుకుంటోంది. ఆ అంచునే మడ అడవులున్నాయి. ఆ మడల్లో పోటు దిగాక బురదలో చేపకోసం కాచుకునే బావురు పిల్లి ఉంది. నల్లమలలో శ్రీశైలం దగ్గర నీళ్లాపితే, ఏటి మొగన హంసలదీవి దగ్గర పిల్లి కాళ్లకింద నేల కరుగుతుంది.

పైనున్న నల్లమలకూ ఇంధనం బెడద తప్పలేదు. అమ్రాబాద్ పులుల అడవిలో యురేనియం వెతకబోతే చెంచులు, వారితోపాటు జనం అడ్డం తిరిగారు. తవ్వకాలు వద్దంటూ 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించింది. చేప మాటకొస్తే, అమెరికాలో కొలంబియా నది మీద సాల్మన్ చేపలు తరిగిపోతే, విద్యుత్తుతోపాటు చేపనూ లెక్కలోకి తీసుకోవాలని 1980లో చట్టమే చేశారు. మన దగ్గర 1973లో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణ నీళ్లలో 2,060 టీఎంసీలు పంచింది. ఆ పంపకంలో మూడు రాష్ట్రాల పేర్లున్నాయి, చేప పేరు లేదు.

చట్టం మన చేతిలో లేదు, మాట ఉంది. నీరు మొగను చేరితే ‘వృథా’ అని మన కథల్లో, పత్రికల్లో, పాఠాల్లో ఇకమీదట రాయకుండా ఉండగలమా? అక్కడికి ఏ నెలలో ఎంత నీరు చేరాలో అడగగలమా? ఆ లెక్క వలవేసేవాళ్లకు తెలుసు. నిజాంపట్నం వైపు నుంచి వచ్చిన పెద్దలు ముందు వరుసలో ఉన్నారు. పత్రాల సమర్పణ సంగతి తర్వాత చూద్దాం. ముందు వారిని వేదిక మీదికి రమ్మని కోరుతున్నాను.