వాషింగ్టన్ అను ఇంటిపేరు



ఊరిపేరు ఇంటిపేరగుట మనకు క్రొత్త గాదు. 1888లో తిరుత్తణిలో జన్మించిన రాధాకృష్ణ పండితుని ఇంటిపేరు సర్వేపల్లి; ఆ యూరు నెల్లూరు సీమలోనిది. కుటుంబము తరలినను ఊరిపేరు వెంట వచ్చినది. ఆంగ్లేయులలోను ఇట్టి యాచారము కలదు. వాషింగ్టన్ అను పేరొక్కటి చూచిన చాలును.

ఉత్తర ఇంగ్లండున, పూర్వపు డర్హాము సీమలో, వాషింగ్టన్ అను గ్రామముండెను; నేడది పట్టణమైనది. 12వ శతాబ్దమున విలియం డి హెర్ట్‌బర్న్ అను భూస్వామి ఆ గ్రామమును పొంది, పాత యూరి పేరు విడిచి క్రొత్త దానిని ధరించెను. ఆ వంశజుడగు జాన్ వాషింగ్టన్ 17వ శతాబ్దమున వర్జీనియా చేరెను. అతని మునిమనుమడే జార్జి వాషింగ్టన్ (1732-1799).

ఊరినుండి పుట్టిన పేరు మరల ఊళ్ళకే చేరినది. 1791లో అమెరికా నూతన రాజధానికి ఆ పేరు పెట్టిరి. 1853లో పసిఫిక్ తీరపు ప్రాంతమొకదానికి కొలంబియా యని పేరు తలపెట్టి, రాజధాని గల మండలము పేరు అదియే గనుక తికమక యగునని వాషింగ్టన్ అని మార్చిరి! రాజధాని పేరేమో వారికి తోచలేదు కాబోలు. ఆ తికమక నేటికిని తీరలేదు.

జార్జికి సంతానము లేదు. అయినను 2000 సంవత్సరపు జనగణనలో అమెరికాయందు ఈ యింటిపేరు గలవారు 1,63,000 మందికి పైబడిరి; వారిలో నూటికి 90 మంది నల్లజాతివారు. బానిసల యింటిపేర్లను యజమానులు సామాన్యముగా గుర్తించెడివారు కారు. 1865లో దాస్యము తొలగిన పిమ్మట పెక్కుమంది తమకు తామే పేరు ఏర్పరచుకొనిరి. బుకర్ అను బాలుడు బడిలో చేరిన దినమున, తక్కిన పిల్లలకు రెండేసి పేర్లుండుట విని, ఉపాధ్యాయుడడుగగా తడబడక "బుకర్ వాషింగ్టన్" అని చెప్పెను. వాషింగ్టన్ అనునది అతని మారుతండ్రి పేరు. శైశవమున తల్లి టాలివర్ అని పెట్టినదని పిదప తెలియగా, దానిని నడుమ చేర్చుకొనెను. 1881లో అలబామాలోని టస్కీగీ విద్యాలయమునకు ప్రథమాధ్యక్షుడైనవాడు ఇతడే.

పేరు లేనివారు దాని కింత ప్రయాసపడిరి. మన పిల్లల యింటిపేరో, బడి చిట్టాలో పొడి అక్షరమై, ఒక్కొక్కచోట అదియు లేకున్నది. అది యేమని అడిగిన చెప్పలేని బాలురను మేము చూచుచున్నాము. సంఘ కార్యాలయమున నొక పుస్తకము నుంచితిమి. మీ యింటిపేరు, అది యే యూరిదో, పెద్దల నడిగి తెలిసినంతవరకు అందు వ్రాయుడు.